తామర తొట్టిలో ఎర్ర పురుగులు, గోడ మీద కుట్టని దోమలు: ఇవి ఏ జాతివి?

మేడమీద తామర

నమస్కారమండి. మాది విశాఖపట్నంలో ఆరిలోవ. ముడసర్లోవ చెరువుకి మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట. మేడ మీద రెండు సిమెంటు తొట్లలో తామర, కలువ పెంచుతున్నాను. కార్తీకం మొదలైన దగ్గర నుంచి, సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టేసరికి దోమల్లాంటివి గుంపులుగా వచ్చి వాలుతున్నాయి. కొన్ని ప్రమిదలోనే పడి చచ్చిపోతున్నాయి. తెల్లారి చూస్తే వరండా ట్యూబులైటు చుట్టూ గోడంతా అవే. ఊడిస్తే చేట సగం నిండుతోంది.

కానీ ఒక్కటీ కుట్టడం లేదు. అనుమానం తీరక నేనే లైటు కింద చెయ్యి చాపి పది నిమిషాలు కూర్చున్నాను. నాలుగైదు వచ్చి మోచేతి మీద వాలాయి, ఊరికే నిలబడ్డాయి, ఎగిరిపోయాయి. దద్దురు లేదు, దురద లేదు.

నిన్న తొట్టి అడుగున బురద తీస్తుంటే చేతికి సన్నటి మట్టి గొట్టాలు తగిలాయి. నీళ్ళలో వేసి కదిపితే అందులోంచి ఎర్రటి పురుగులు బయటికొచ్చాయి. సెంటీమీటరు పైచిలుకు పొడుగు, అచ్చం రక్తం రంగు. ఎనిమిది అంకెలా మెలికలు తిరుగుతూ మళ్ళీ అడుక్కే పోతున్నాయి.

పక్క వాటా వాళ్ళు నేను డెంగీ దోమల్ని పెంచుతున్నానని గట్టిగానే అన్నారు. తొట్లో కిరసనాయిలు పొయ్యమంటున్నారు. వాళ్ళింట్లో చంటిపిల్ల ఉంది, వాళ్ళ భయం నాకు అర్థమైంది. కానీ నాలుగేళ్ళ తామర దుంపలవి, పొయ్యడానికి చెయ్యి రావడం లేదు. మా పాప డిగ్రీలో జువాలజీ చదువుతోంది. ఫోన్‌లో యాప్ పెట్టి ఫోటో తీస్తే కైరోనోమస్ అని ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు వచ్చింది, అంతకు మించి రాలేదు. మూడు ఫోటోలు పెడుతున్నాను. రోగాలు తెచ్చేవేనా కాదా అన్నది నా ప్రశ్న. పాప ప్రశ్న వేరు: దీని పూర్తి పేరు ఏమిటి, ఒకవేళ ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి అయితే ఆ సంగతి ఎలా తెలుస్తుంది అని.

గాజువాక గప్పీ

అక్కా, ఏటీ కాదు, భయపడకండి. తొట్లో ఉన్నవి బ్లడ్ వార్మ్స్. నేను గప్పీలు, ఫైటర్లు పెంచుతాను. మా అక్వేరియం షాపుల్లో ఇవే గడ్డకట్టించి చిన్న చిన్న బిళ్ళలుగా అమ్ముతారు. చేపలు వీటి కోసం ప్రాణం పెడతాయి. నాలుగు గప్పీలు తొట్లో వదిలితే దోమపిల్లలు మిగలవు, బురద పైకి తేలిన ఎర్ర పురుగుల్ని కూడా తినేస్తాయి.

ఒకటే జాగ్రత్త. ఉత్త చేతుల్తో రోజూ పట్టుకోకండి. రెండేళ్ళు నేను అలాగే చేశాను. ఇప్పుడు బిళ్ళ ముట్టుకుంటే చాలు, వేళ్ళ మధ్య దద్దుర్లు లేచి కళ్ళు కారతాయి. వాటి ఎర్రదనానికే కొంతమందికి పడదని చర్మం డాక్టరుగారు చెప్పారు.

స్లైడు పెట్టె

అమ్మా, ముందు ఆ కిరసనాయిలు మాట మరిచిపోండి. మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. అది దోమ కాదు.

గోడ మీద వాలినప్పుడు ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది చూడండి. దోమ ఎత్తేది వెనక కాళ్ళు. దోమకి సూది లాంటి పొడుగు తొండం ఉంటుంది, దీనికి లేదు. కుట్టే సాధనమే లేనిది ఎలా కుడుతుంది? దోమ రెక్కల మీద పొలుసులుంటాయి, వీటి రెక్కలు నున్నగా పలచగా ఉంటాయి, పొట్ట చివరిదాకా కూడా రావు. కైరోనోమస్ అంటే గ్రీకులో చేతులతో అభినయించేవాడు అని అర్థం. మన కూచిపూడి వాళ్ళు హస్తాభినయం అంటారే, అది. 1803లో మైగెన్ అనే జర్మనీ కీటక శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. సాయంత్రం గోడ దగ్గర నిలబడి ఆ ముందు కాళ్ళు గాలిలో ఎలా ఆడిస్తుందో ఒకసారి చూడండి, పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

డెంగీ దోమ పిల్లలు గాలి కోసం నీటి పైకి వచ్చి తలకిందులుగా వేలాడతాయి. మీవి బురదలో పట్టు లాంటి దారంతో గొట్టం అల్లుకుని అందులో కూర్చుంటాయి. గాలి సరిగా అందని ఆ బురదలో బతకడానికే ఆ ఎరుపు. మన నెత్తుట్లో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే, కాకపోతే కణాల్లో కాకుండా నేరుగా వాటి రక్తద్రవంలోనే కలిసి ఉంటుంది. గాజువాక తమ్ముడికి పడనిది కూడా అదే. ఉబ్బసం ఉన్నవాళ్ళు చచ్చిన పురుగుల్ని ఊడ్చేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. సూడాన్‌లో నైలు ఒడ్డున ఈ కుటుంబంలోదే ఒక ఆకుపచ్చ పురుగు గుంపులుగా లేచి ఊళ్ళకి ఊళ్ళనే ఆయాసంతో ఇబ్బంది పెట్టింది. అంతకు మించి మలేరియా, డెంగీ లాంటివి వీటివల్ల రావు. పక్క వాటా వాళ్ళకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. తొట్లో నీటి పైన వేలాడేవి కనిపిస్తే మాత్రం అవి దోమపిల్లలే, వాటికి గప్పీలు వెయ్యండి.

ఇక పాప అడిగినదానికి వస్తాను. ఇది నాకు ఇష్టమైన సంగతి, కాస్త పొడుగ్గానే రాస్తాను. ఇరవై రెండేళ్ళు ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో స్లైడులు తయారు చేశాను.

ఫోటోతో జాతి పేరు రాదు. యాప్ తప్పు కాదది. మీ ఫోటోలో ఉన్నది ఆడది, మీసాలు సన్నగా ఉన్నాయి. మగదానికి మీసాలు సీసాలు తోమే బ్రష్‌లా గుబురుగా ఉంటాయి. ఒకదానికొకటి దగ్గరగా ఉండే జాతుల్లో ఆడవాటిని పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం చాలా కష్టం. పేరు తేలేది ప్రధానంగా మగదాని పొట్ట చివర ఉండే జననాంగాల ఆకారంతో. అది మైక్రోస్కోపు కిందే కనిపిస్తుంది. దానికి తోడు లార్వా, అంటే ఆ ఎర్ర పురుగు, తలలో ఉండే పళ్ళ వరుస, ప్యూపా, అంటే పెద్ద పురుగుగా మారే ముందు దశ, విడిచిన కుబుసం కావాలి. ఈ మూడూ ఒకే పురుగువి అయి ఉండాలి. మొత్తం పనిలో అసలు చిక్కు ఇదే. తొట్లో నుంచి పది లార్వాలు, గోడ మీద నుంచి పది పెద్ద పురుగులు పట్టి ఇవి అవే అనుకుంటే కుదరదు. ఒక తొట్లో రెండు మూడు జాతులు కలిసి ఉండడం మామూలే.

అందుకని పాపని ఇలా చెయ్యమనండి. హోమియోపతి మాత్రల చిన్న గాజు సీసాలు పది తీసుకోండి. ఒక్కో సీసాలో ఒక్క లార్వా. తల వెనక భాగం ఉబ్బి లావెక్కినవి ఏరుకోండి, అవి ప్యూపా కావడానికి దగ్గర పడినవి. తొట్టి బురద చిటికెడు, తొట్టి నీళ్ళే సగానికి. మూతి మీద సన్న గుడ్డ కట్టండి. ఎండ తగలని చోట పెట్టి పొద్దున్నా సాయంత్రం చూడండి. ప్యూపా అయ్యాక రెండు మూడు రోజుల్లో పెద్ద పురుగు బయటికొస్తుంది. వచ్చిన వెంటనే చంపకండి, ఒక రోజు ఉంచితే ఒళ్ళు గట్టిపడి రంగు నిలుస్తుంది. తర్వాత దాన్ని, నీటి మీద తేలే ప్యూపా కుబుసాన్ని, అడుగున బురదలో పడి ఉన్న లార్వా కుబుసాన్ని, మూడింటినీ ఒకే సీసాలో ఆల్కహాల్‌లో వెయ్యండి. లార్వా కుబుసం దొరకడం కష్టం, ఆవగింజలో సగం కూడా ఉండని గోధుమరంగు తలడిప్ప కోసం వెతకాలి. దొరికేదాకా బురద పారబొయ్యొద్దు.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వెయ్యండి. బయట అంటించొద్దు, పెన్నుతో రాయొద్దు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మేఘాద్రి గెడ్డ ఒడ్డున, సింహాచలం కొండ కింద ఊట గుంటల్లో ఆరేళ్ళు తిరిగి ఇలా పెంచిన పురుగుల సీసాలు నా ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా ఉండేవి. అన్నిటికీ బయట కాగితాలు, జెల్ పెన్ను రాత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గోపాలపట్నంలో మా పెంకుటింటి కప్పు ఒక మూల లేచిపోయి రాత్రంతా వాన నేరుగా ఆ పెట్టెల మీదే పడింది. సీసా ఒక్కటీ పగల్లేదు. పురుగులన్నీ బాగానే ఉన్నాయి. కాగితాలు మాత్రం ముద్దయి ఊడిపోయాయి, రాత నీలం మరకయింది. కరెంటు లేని ఆ రోజుల్లో కొవ్వొత్తి పెట్టుకుని ఏది ఏ గుంటలోదో గుర్తు చేసుకోవాలని చూశాను. నావల్ల కాలేదు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలియని పురుగుని ఎవరికీ ఇవ్వలేం. ఆ సీసాలు ఇప్పటికీ ఉన్నాయి, పారెయ్యడానికి మనసొప్పక.

కొత్త జాతా కాదా అన్నది చివరి మెట్టు. మన దేశపు ఈ పురుగులకి చాలావాటికి పేర్లు పెట్టింది కీఫర్ అనే ఫ్రెంచి మతగురువు. కలకత్తా ఇండియన్ మ్యూజియం నుంచి వెళ్ళిన పురుగుల్ని తన ఊళ్ళో కూర్చుని చూసి 1910, 1911 ప్రాంతంలో వరసగా వర్ణించాడు. కైరోనోమస్‌లో స్ట్రయాటిపెన్నిస్ అనే జాతి పేరు 1910లో, సర్కమ్‌డేటస్ అనేది 1916లో ఆయన పెట్టినవే. ఆ వర్ణనలు చాలా క్లుప్తంగా ఉంటాయి, ఎక్కువగా రంగుల మీద ఆధారపడతాయి. ఈ కాలంలో అడిగే జననాంగాల కొలతలు వాటిలో దొరకవు. తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని బర్ద్వాన్ యూనివర్సిటీ వాళ్ళు ఈ కుటుంబం మీద ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేశారు. రామోసస్ అనే జాతి 1992లో అలా బయటికొచ్చిందే. కాబట్టి మీ పురుగు దేనితోనూ కలవడం లేదు అనాలంటే ముందు ఆ పాత పేర్లన్నిటి పక్కనా పెట్టి చూడాలి. అప్పటికీ కలవకపోతే ఒక మగదాన్ని హోలోటైప్‌గా ఎంచి, దాని ప్రతి భాగాన్నీ కొలిచి, బొమ్మలు గీసి, ఏ జాతికి దగ్గరో, దేనిలో వేరో రాసి అచ్చులో వెయ్యాలి. ఆ హోలోటైప్‌ని కోల్‌కతా జువలాజికల్ సర్వే లాంటి చోట భద్రం చేయించాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి చూసుకోవడానికి ఆ ఒక్క పురుగే ఆధారం.

పాపకి ఇంత దూరం వెళ్ళే ఓపిక ఉంటే సీసాలు నా దగ్గరికి తీసుకురండి. స్లైడులు నేను చేసిపెడతాను.

షీలానగర్ నైట్ డ్యూటీ

మా క్వార్టర్స్‌లో కూడా ప్రతి చలికాలం ఇదే గొడవ. తెల్ల ట్యూబు తీసి పసుపు బల్బు పెట్టాం, వచ్చేవి బాగా తగ్గాయి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వరండా లైటు ఆర్పేస్తే ఇంకా మేలు.

మేడమీద తామర

మళ్ళీ రాస్తున్నానండి. బాబాయిగారూ, మీరు చెప్పినట్టే పది సీసాలు పెట్టాం.

రెండు లార్వాలు చచ్చిపోయాయి. ఆరో సీసా పిల్లి తన్నేసింది, పురుగు దొరికింది కానీ కుబుసాలు నేల మీద పోయాయి, దాన్ని లెక్కలోంచి తీసేశాం. మిగిలిన ఏడింటిలో నాలుగు ఆడవి, మూడు మగవి. మగదాని మీసాలు మొదటిసారి చూసినప్పుడు పాప అరిచింది, ఇంత చిన్నదానికి అంత ఈకా అని.

నాకు మటుకు గుర్తుండిపోయేది మూడో సీసా. సాయంత్రం ఏడు దాటింది. ప్యూపా నీటి పైకి తేలి కదలకుండా నిలబడింది. తల దగ్గర రెండు తెల్లటి కుచ్చులు, దూది పింజల్లా. ఒళ్ళు వెండిలా మెరిసింది. వీపు మీద సన్నగా చీలిక పడింది. అందులోంచి పురుగు నిలువుగా లేచింది, ఎవరో కింద నుంచి పైకి తోసినట్టు. తన కుబుసం మీదే పడవ మీద నిలబడ్డట్టు నిలబడి కాళ్ళు బయటికి లాగేసుకుంది. పాప ఫోన్ తీసేలోపు అయిపోయింది. రెక్కలు అప్పటికి తెల్లగా ఉన్నాయి. పక్క వాటా అమ్మాయిని పిలిచాను. చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి, సీసా దీపం ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. కిరసనాయిలు మాట మళ్ళీ ఎత్తలేదు.

లేబుళ్ళు పెన్సిల్‌తోనే రాశాం. ఆరిలోవ, మేడ మీద తామర తొట్టి, తేదీ, సీసా నంబరు. లోపలే వేశాం. ఆదివారం తీసుకురమ్మంటారా?

స్లైడు పెట్టె

అమ్మా, ఆదివారం పాప సీసాలతో వచ్చి వెళ్ళింది, ఏం చూశామో ఇక్కడ రాస్తున్నాను. మిగతావాళ్ళకి కూడా పనికొస్తుంది.

మూడో సీసా మగదాన్ని తీసుకున్నాం. రెక్కలు, మీసాలు, కాళ్ళు విడదీసి, పొట్టని పది శాతం కాస్టిక్ పొటాష్‌లో వేసి ఉంచాను. కండ అంతా కరిగిపోయి పైతొడుగు ఒక్కటే గాజులా మిగిలింది. దాన్ని అసెటిక్ ఆసిడ్‌లో కడిగి, ఆల్కహాల్‌లో ముంచి, యూపరాల్ అనే స్లైడు జిగురు చుక్కలో వెన్నుభాగం పైకి వచ్చేట్టు పాప చేతే పెట్టించాను. చెయ్యి వణికింది, రెండుసార్లు తిరగబడింది, మూడోసారి కుదురుకుంది. కవర్ స్లిప్ వేసేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నాను. నేను కూడా ఇన్నేళ్ళూ అలాగే చేశాను.

మగదాని మీసంలో పదకొండు కణుపులు. ముందు కాలు కొలిచాం. పాదంలో మొదటి కణుపు దాని పైనున్న టిబియా, అంటే పిక్క భాగం, కంటే పొడుగు. ఆ రెండింటి నిష్పత్తి ఒకటి దాటితే కైరోనోమినే ఉపకుటుంబం వైపు చూడాలి. జననాంగాల చివరి భాగం లోపలికి మడవకుండా నేరుగా వెనక్కి చాపి ఉంది, అది కూడా ఈ ఉపకుటుంబం గుర్తే. దాని లోపలి వైపు నల్లగా, వెంట్రుకలు లేకుండా, చివర వంగిన కొమ్ము లాంటి భాగం ఉంది. దాని వంపు జాతికో రకంగా ఉంటుంది. పాప దాన్ని చూసి గంటసేపు బొమ్మ గీసింది. ఫోటో తియ్యొచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. గీస్తేనే కన్ను ప్రతి గీత దగ్గరా ఆగుతుంది, ఫోటోలో ఒక లోతు ఒక్కటే దొరుకుతుంది. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

లార్వా తలడిప్పలో పళ్ళ వరుస మధ్య పన్ను మూడు మొనలుగా ఉంది, దానికి అటూ ఇటూ ఆరేసి. రెండు పక్కలా విసనకర్రల్లా చారల పలకలు. తొట్టి నుంచి తెచ్చిన బతికున్న లార్వాకి పొట్ట చివర ఎనిమిదో ఖండం మీద వేళ్ళలా వేలాడే మెత్తటి గొట్టాలు రెండు జతలు. ఇవన్నీ కలిసి కైరోనోమస్ ప్రజాతి అని తేల్చాయి. యాప్ ఊహించింది నిజమే, ఇప్పుడు దానికి సాక్ష్యం ఉంది.

జాతి దగ్గర ఒక మెట్టు మిగిలింది. ఈ ప్రజాతిలో రూపం ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండే జోడు జాతులున్నాయి. వాటిని విడదీసేది లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోములు. 1881లో బాల్బియాని అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ పురుగు గ్రంథుల్లోనే వాటిని మొదట చూశాడు. మామూలు క్రోమోజోముల కంటే ఎన్నో రెట్లు లావు, చేనేత తువ్వాలు మీద చారల్లా అడ్డగీతలు. ఈ ప్రజాతిలో సాధారణంగా నాలుగే కనిపిస్తాయి, ఆ చారల వరస జాతిని పట్టిస్తుంది. రంగు ద్రావణం నా దగ్గర ఉంది.

స్లైడు మీద ప్రస్తుతానికి ఇలా రాయించాను: కైరోనోమస్, జాతి తేలలేదు, మగది, లార్వా ప్యూపా కుబుసాలతో, ఆరిలోవ, విశాఖపట్నం, తామర తొట్టి, పెంచినది, సీసా 3. కింద పాప పేరు పాపే రాసుకుంది. గాజు మీద వజ్రపు కొనతో గీకింది, ఏ వానకీ పోదు.

వచ్చే ఆదివారానికి బతికున్న లార్వాలు ఐదారు కావాలి. ఈసారి బాగా పెరిగినవే కానీ తల వెనక ఇంకా ఉబ్బనివి. ఉబ్బినవాటిలో గ్రంథులు కరగడం మొదలవుతుంది. తొట్టి నీళ్ళలోనే తెండి, కుళాయి నీళ్ళు వద్దు. ఆటోలో వచ్చేటప్పుడు సీసా ఎండలో పెట్టకండి.